కొత్త టైర్లు ముందు చక్రాలకే

పోయిన నెల షాపు గోడలకి రంగులు వేయిద్దామని అప్పారావు అనే పెయింటర్‌ని పిలిచాను. పాత రంగు గీకకుండా కొత్తది వేస్తే ఏడాది తిరక్కుండా పెచ్చులు లేస్తుందని అతను, గీకితే దుమ్మంతా టైర్ల మీద పడుతుందని నేను, కాసేపు వాదించుకున్నాం. చివరికి అతనే నెగ్గాడు. రెండో రోజు మధ్యాహ్నం లోపల్నుంచి కేకేశాడు. "అమ్మగారండీ, ఒకసారిలా రండి. ఇక్కడ సున్నం కింద ఏవో అక్షరాలున్నాయండీ." వెళ్ళి చూశాను. గోడంతా ఆయిల్ పెయింటే గానీ, పైన బారెడు పొడవు పట్టీ మాత్రం సున్నం. దాన్ని సగం గీకేసరికి నీలం అక్షరాలు బయటపడ్డాయి. "కొత్త టైర్లు ముందు చక్రాలకే" అని గుండ్రంగా, ముద్దుగా రాసి ఉంది. "ఎంత బాగా రాశారండీ ఆ రోజుల్లో! ఉంచేయమంటారా?" అన్నాడు అప్పారావు. వెళ్ళి టీ తాగి రమ్మన్నాను. మూడు రోజుల దాకా ఆ గోడ అలాగే ఉండిపోయింది.

ఏలూరులో మా షాపూ ఇల్లూ ఒకటే. రోడ్డు వైపు టైర్లు, మధ్యలో పరదా, పరదా వెనక మేం. మా ఇంట్లో మాట తెలుగే, నమాజు ఒక్కటే అరబ్బీ. కొత్త రబ్బరు వాసన, ట్యూబులకి ప్యాచీ వేసే సొల్యూషన్ వాసన పరదా దాటి వచ్చి అమ్మ వంటలో కలిసేవి. మా బంధువులు వచ్చి ముక్కు మూసుకుంటే గానీ మాకు ఆ వాసన ఉన్నట్టే తెలిసేది కాదు. ట్యూబుల మీద చల్లే తెల్ల పౌడరు నాన్న చేతులకి మోచేతుల దాకా ఉండేది. అన్నానికి లేచే ముందు కిరసనాయిలుతో చేతులు రుద్దుకుని, ఆ మీద రెండుసార్లు సబ్బుతో కడుక్కుని వచ్చేవారు. అయినా అమ్మ వదిలేది కాదు. "ముద్ద కలిపి పిల్లకి పెట్టకండి. పొయ్యి దగ్గరికొస్తే అంటుకుంటుంది" అనేది. వానాకాలం వస్తే పెరట్లో పాత టైర్లలో నీళ్ళు నిలిచి దోమలు. వాటిని రోజూ ఒంపుతూ, "నన్ను టైర్ల కొట్టువాడికిచ్చిన మా నాన్ననాలి" అని అమ్మ గొణుక్కునేది. ఆ గొణుగుడు వినిపించకపోతే అమ్మకి ఒంట్లో బాగాలేదని మాకు అర్థం.

నాన్నకి ఒక పద్ధతి ఉండేది. ఎంత పెద్దమనిషి వచ్చినా ఏ టైరు కావాలని అడిగేవారు కాదు. "ముందు పాతవి చూపించండి" అనేవారు. పాత టైరు విప్పించి, వెలుగులోకి దొర్లించి, అరచెయ్యి దాని మీద ఒకసారి అటూ ఒకసారి ఇటూ, పిల్లకి జ్వరం చూసినట్టు రాసేవారు. నడిమి అరిగితే గాలి ఎక్కువ పెట్టారని, రెండంచులూ అరిగితే తక్కువ పెట్టారని, చెయ్యి ఒక వైపు నున్నగా జారి రెండో వైపు రంపంలా గీరుకుంటే చక్రాల వాలు, అదే అలైన్‌మెంటు, తప్పిందని చెప్పేవారు. తరవాత గాడుల్లో ఇరుక్కున్నవి గోటితో తీసి చూసేవారు. ఎర్ర గ్రావెల్ ఉంటే చింతలపూడి వైపు తిరిగే బండి. నల్ల బంకమట్టిలో నత్తగుల్లల ముక్కలుంటే కొల్లేరు గట్ల మీది బండి. "అబద్ధం మనిషి చెబుతాడు గానీ టైరు చెప్పదండీ" అనేది ఆయన మాట. అంతా చూశాకే ఏ టైరు వేయాలో చెప్పి, జేబులోంచి పసుపు రంగు మైనపు చాక్ తీసి, ఏది ఏ చక్రానికో దాని మీద గుర్తు పెట్టేవారు. ఆ చాక్ ఇంకొకరి చేతిలోకి వెళ్ళేది కాదు.

గోడ మీది మాట కూడా ఆయన రాయించిందే. ఆయనకి ఈ పని నేర్పిన పెద్దాయన అంబాసిడర్‌లో వెళ్తుండగా ముందు టైరు పేలి కాలవలో పడి చనిపోయారట. అప్పట్నుంచీ మంచి టైరు ముందుకే అన్నది నాన్నకి వేదవాక్కు. షాపు పెట్టిన ఏడాదే దాన్ని నీలం రంగుతో రాయించారు. ఏలూరులో సగం కార్లు ఆ గోడ చూసి నడిచినవే.

నేను డిగ్రీ పూర్తి చేసి ఇంట్లో ఉన్న రోజులవి. మధ్యాహ్నం నాన్న నమాజుకీ భోజనానికీ లేచినప్పుడు షాపులో కూర్చునేదాన్ని. సైజులు, కంపెనీలు, మెత్త రబ్బరేదో గట్టి రబ్బరేదో అన్నీ నాకు నోటికొచ్చు. అయినా వచ్చిన ప్రతివాళ్ళూ లోపలికి తొంగిచూసి "సాయిబు గారు లేరాండీ?" అనేవారు. లేరంటే, "అయితే మళ్ళీ వస్తామండీ" అని మర్యాదగా వెళ్ళిపోయేవారు. ఆ మర్యాదకి ఒళ్ళు మండేది. ఒక్క కారుకైనా నా మాట మీద టైర్లు ఎక్కాలి, వాటి మీద ఆ పసుపు గుర్తు నేను పెట్టాలి, అదొక్కటే అప్పట్లో నాకున్న కోరిక. పెళ్ళి సంబంధాల గురించి అమ్మ మాట్లాడుతుంటే కూడా నేను టైర్ల గురించే ఆలోచించేదాన్ని.

అలాంటప్పుడు వచ్చాడు శ్రీనుబాబు. కొల్లేటి లంకలో చేపల చెరువుల వాళ్ళబ్బాయి, ఇరవై ఏడేళ్ళుంటాయి. ఆయన కారు సందు మలుపు తిరక్కముందే మాకు వినిపించేది. పాత తెల్ల కారుని నేలకి దగ్గరగా దించి, వెడల్పు చక్రాలు వేయించి, ఇంజన్ పని విజయవాడలో చేయించుకున్నాడు. నాన్న అలవాటు ప్రకారం పాతవి విప్పించారు. ముందు టైర్ల బయటి అంచుల మీద చెయ్యి పెట్టి ఆగిపోయారు. "బాబూ, గాడుల్లో నత్తగుల్లలున్నాయి, మీది కొల్లేరు. బాగానే ఉంది. కానీ అంచులిలా చెక్కేసినట్టున్నాయంటే ఈ కారు ఒక్క రోడ్డు మీదే తిరగట్లేదు. ఎక్కడ తిప్పుతున్నారండీ దీన్ని?" శ్రీనుబాబు తల గోక్కున్నాడు. "తాడేపల్లిగూడెంలో విమానాల పాత రన్‌వే ఉంది కదండీ. ఆదివారాలు పొద్దున్నే అక్కడ. వచ్చే నెల చెన్నై దగ్గర ట్రాక్ మీద పోటీ ఉందండీ, పేరిచ్చాను. మా అమ్మకి చెప్పకండి."

ఒకే కారు, రెండు పనులు. పోటీ ఒక్క రోజు. మిగతా రోజులన్నీ అదే కారులో చెరువుల మీదికి వెళ్ళాలి, వాళ్ళమ్మగారిని ఏలూరు తీసుకురావాలి. మూడు వారాల పాటు ఆ టైర్ల మాటే మా షాపులో. ఆయనకి గాడులు దాదాపు లేని ట్రాక్ టైర్ల మీద మనసు. "పొడి నేల మీద వాటంత పట్టు దేనికీ ఉండదండీ" అనేవాడు. నాన్న కాదనలేదు. "ట్రాక్ మీద వానొస్తే ఆట ఆపేస్తారు. కైకలూరు రోడ్డు మీద వానొస్తే చేపల లారీ ఆగుతుందా అండీ? ఆ ఐసు నీళ్ళు, చేప జిగురు రోడ్డంతా కారుతూనే ఉంటాయి. ఆ నీళ్ళు పోవడానికి గాడి ఉండాలి." ఇంకా వెడల్పు టైరు వేయమంటే, "వెడల్పయ్యేకొద్దీ మీ తాటిదోనెలా నీళ్ళ మీద తేలుతుంది బాబూ" అన్నారు. పోనీ మరీ పల్చటి అంచుదా అంటే, భీమడోలు దాకా వెళ్ళి వచ్చేలోపు గోతుల్లో రిమ్ము వంగుతుందని నేను అందుకున్నాను. శ్రీనుబాబు నా వైపు తిరిగి "అవునండీ, అదీ నిజమే" అన్నాడు. సాయిబు గారు లేరా అని అడగకుండా నాతో మాట్లాడిన మొదటి మనిషి ఆయనే. ఆ రోజు రాత్రి అన్నం రెండుసార్లు వడ్డించుకున్నాను.

నేల చూడకుండా టైరు చెప్పనని నాన్న పట్టుబట్టారు. ఒక ఆదివారం పొద్దున్నే ముగ్గురం తాడేపల్లిగూడెం వెళ్ళాం. పలకల సందుల్లో గడ్డి, ఒక చివర మేకలు, ఇంకో చివర డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ళు. నాన్న చెప్పులు విప్పి, వంగి ఆ కాంక్రీటు మీద అరచెయ్యి రాశారు. "ఆకురాయిలా ఉంది. మరీ మెత్తదైతే రెండు ఆదివారాలకే తినేస్తుంది" అన్నారు. శ్రీనుబాబు బతిమాలితే ఒక్క రౌండు ఎక్కారు. కారు ఆ చివర గిర్రున తిరిగి వచ్చి ఆగాక దిగి, టోపీ సర్దుకుని, "కారు బాగుంది" అని మేకల వైపు నడిచి వెళ్ళి ఒక రాయి మీద కూర్చున్నారు. పావుగంట దాకా లేవలేదు. చివరికి తేల్చింది ఇదీ: మధ్యరకం మెత్తన, నిలువు గాడులు లోతుగా ఉన్నవి, ఉన్న చక్రాలకి సరిపోయే వెడల్పే. ట్రాక్ మీద రెండు సెకన్లు పోతే పోయాయి.

ఆ సైజులో తెప్పిస్తే మొదట రెండే వచ్చాయి. మిగతా రెండూ పది రోజులకి గానీ రావన్నారు. పోటీ లోపు కొత్త రబ్బరు అలవాటు చేసుకోవాలని శ్రీనుబాబు తొందర. టైర్లతోపాటు ఇంగ్లీషులో చిన్న పుస్తకం వచ్చింది. నాన్నకి ఇంగ్లీషు రాదు, నేను మొత్తం చదివాను. రెండే మార్చేటప్పుడు కొత్తవి వెనక చక్రాలకే వేయాలి, ముందు చక్రాలు లాగే కారైనా సరే, తడి రోడ్డు మీద అరిగిన వెనక టైర్లు ముందుగా పట్టు వదిలితే కారు గిర్రున తిరుగుతుంది అని అందులో ఉంది. అన్నాల దగ్గర నాన్నకి చదివి చెప్పాను. ఆయన మజ్జిగ పోసుకుంటూ విన్నారు. "లాగేది ముందువి, తిరిగేది ముందువి, బ్రేకు గట్టిగా పట్టేదీ ముందువే. ఇంక వెనకవాటికి పనేముంది? ఆ పుస్తకం రాసినాయన మన రోడ్డెక్కాడా?" అన్నారు. నేనింకోమాట అనబోతే, "మీరా, గోడ మీద ఏం రాసుందో చూసిరా" అన్నారు. అక్కడితో ఆ మాట ముగిసింది.

సాయంత్రం శ్రీనుబాబు వచ్చాడు. నాన్న కొత్త రెండింటి మీదా ముందు చక్రాల గుర్తు పెట్టి, నీళ్ళు తాగడానికి లోపలికి వెళ్ళారు. శ్రీనుబాబు నా దగ్గరికి వచ్చి, "ట్రాక్‌కి ముందువే ముఖ్యం, నాకూ తెలుసండీ. కానీ ఈ పది రోజులూ రోడ్డు మీద వెనక పాతవి పరవాలేదంటారా? మీరేమంటారండీ?" అన్నాడు. నేను ఇన్నాళ్ళూ ఎదురుచూసిన ప్రశ్న అది. పుస్తకం నా ముందు బల్ల మీదే ఉంది. పరదా వెనక నాన్న గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినబడింది. "నాన్నగారు చెప్పిందేనండీ" అన్నాను.

ఆరో రోజు పొద్దున సన్నగా తుంపర పడుతోంది. కళ్ళజోడు మార్పిద్దామని శ్రీనుబాబు వాళ్ళమ్మగారిని ఎక్కించుకుని ఏలూరు బయల్దేరాడు. ముందు ఒక చేపల లారీ నీళ్ళు కార్చుకుంటూ పోతోంది. మలుపులో గేదె అడ్డం వస్తే యాక్సిలరేటరు మీంచి కాలు తీశాడు, అంతే. కారు వెనక భాగం ముందుకి వచ్చేసి, గట్టు దిగి, చేపల చెరువులో పడింది. చెరువు మీద పనిచేసేవాళ్ళు దూకి ఇద్దర్నీ లాగారు. ఆయనకేం కాలేదు. అమ్మగారికి మెడ కింద ఎముక విరిగింది.

ఫోను రాగానే నాన్నా నేనూ బస్సెక్కాం. మేం వెళ్ళేసరికి అమ్మగారిని ఆసుపత్రికి పంపేసి, ట్రాక్టరుతో కారుని పైకి లాగుతున్నారు. డిక్కీ తెరుచుకుని అందులోంచి రెండు శీలావతి చేపలు గట్టు మీద పడి ఎగురుతుంటే జనం నవ్వారు. శ్రీనుబాబు మాత్రం తడి బట్టలతో అలాగే నిలబడి ఉన్నాడు. నాన్న పంచె ఎగ్గట్టి వెనక టైర్ల దగ్గర కూర్చుని చెయ్యి రాశారు. తరవాత ముందు వాటికి రాశారు. రోడ్డు మీదికి వెళ్ళి ఆ జిగురు వేళ్ళతో తీసి వాసన చూశారు. "ముందు జారిందా, వెనక జారిందా బాబూ?" అని అడిగారు. "ముందు మేకు దిగేసినట్టు పట్టుకునుందండీ. వెనకే తిరిగొచ్చేసింది. ఒట్టండీ, నేను స్పీడుగా లేను."

నాన్న లేచి నిలబడ్డారు. చుట్టూ ఇరవై మంది ఉంటారు. "పొరపాటు నాదండీ. ఈ రెండూ వెనక వేయాల్సింది. పుస్తకంలో అలాగే రాసుందని మా అమ్మాయి చెప్పింది. నేను వినలేదు" అన్నారు. శ్రీనుబాబు నా వైపు చూశాడు. "మీకు తెలుసా అండీ?" అన్నాడు. గొంతులో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. నేను చేపల వైపు చూస్తూ నిలబడ్డాను.

ఆసుపత్రిలో అమ్మగారు మమ్మల్ని చూసి లేవబోయారు. నాన్న చేతులు జోడించి అదే మాట మళ్ళీ చెప్పారు. "అయ్యో, అంత మాటెందుకండీ సాయిబు గారూ. కొల్లేట్లో పుట్టినదాన్ని, ఆ చెరువు నన్నేం చేస్తదండీ?" అందావిడ. దుప్పటి సర్దుకుని, "కారు తలుపు తెరుచుకు రాలేదండీ. నీళ్ళు గడ్డం దాకా వచ్చినా తలుపు రాలేదు. అప్పుడు మాత్రం బయమేసింది" అంది. నాన్న తల దించుకునే ఉన్నారు. నాకు అక్కణ్ణుంచి పారిపోవాలనిపించింది.

మర్నాటి నుంచి నాన్న ఇంకో పని పెట్టుకున్నారు. ఆయనకి మనుషుల పేర్లు గుర్తుండవు గానీ టైర్లు గుర్తుంటాయి. ముందు చక్రాలు లాగే కార్లు ఎవరెవరికి ఉన్నాయో, ఎవరికి రెండే కొత్తవి వేశారో గుర్తు చేసుకుని కబురు పంపారు. ఫోనున్నవాళ్ళకి నాచేత చేయించారు. ద్వారకా తిరుమలలో కొబ్బరికాయల కొట్టాయన రానంటే, జాకీ సంచీలో వేసుకుని బస్సులో వెళ్ళి ఆ కొట్టు ముందే ముందు టైర్లు వెనక్కి మార్చి వచ్చారు. కొంతమంది సాయిబు గారికి చాదస్తం ముదిరిందన్నారు. నిన్నొక మాట, ఈవేళొక మాట చెప్పే షాపెందుకని మానేసినవాళ్ళూ ఉన్నారు. రెండు నెలలకి శ్రీనుబాబు కారు బాగుచేయించుకుని వచ్చి నాలుగూ కొత్తవే వేయించుకున్నాడు. చెన్నై పోటీ అప్పటికే అయిపోయింది. మరుసటి ఏడాది వెళ్ళి, కింద నుంచి మూడోవాడిగా వచ్చి, స్వీట్లు పట్టుకొచ్చాడు. నన్ను చూసి నవ్వేవాడు, బాగున్నారా అండీ అనేవాడు. టైరు మాట మాత్రం మళ్ళీ ఎప్పుడూ నన్ను అడగలేదు. నాన్న ఉన్నంతకాలం ఆయన్నే అడిగాడు, ఇప్పుడు ఇంకెవర్నో అడుగుతున్నాడు.

ఇప్పుడు షాపు నాది. వాలు చూసేది కంప్యూటరు. వచ్చేవాళ్ళు ఏ టైరు కావాలో ఫోనులో చూసుకునే వస్తున్నారు. పాతవి చూపించండి అంటే, ఎందుకండీ అన్నట్టు చూస్తారు. మొన్నొక కుర్రాడు, కారుకి నా నెల సరుకు కంటే ఎక్కువ ఖరీదైన సామాను తగిలించుకుని వచ్చి, రెండే వేయమన్నాడు, అవీ ముందుకేనన్నాడు. వెనకే వేస్తానన్నాను. ముందుకేనని చెప్పే వీడియో చూపించాడు. చూశాను. వెనకే వేస్తానన్నాను. వేరే షాపుకి వెళ్ళాడు. అతను మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి, తడి రోడ్డు మీద నిదానమండీ అని అరిచాను. విన్నాడో లేదో తెలియదు. నాన్నకంత అరుపు అవసరమయ్యేది కాదు. ఆయన మాట వాళ్ళు నమ్మేవారు, నేను చెబితే ఫోనులో సరిచూసుకుంటారు. అదీ మంచిదేనేమో. ఆ రోజుల్లో శ్రీనుబాబు చేతిలో అలాంటి ఫోనుంటే నన్ను అడిగేవాడే కాదు.

మూడో రోజు అప్పారావు మళ్ళీ అడిగాడు. "మీ నాన్నగారు రాయించింది కదండీ. చెరపడమెందుకు? చుట్టూ బోర్డరు వేస్తాను, ఫొటోలా ఉంటుంది." చెరిపింది కూడా ఆయనేనని అప్పుడు చెప్పి, దాని మీద రంగు వేసేయమన్నాను. ఆసుపత్రిలో శ్రీనుబాబు వాళ్ళమ్మగారిని చూసి వచ్చిన మర్నాడు పొద్దున్నే నాన్న సున్నం కలిపారు. పెయింటర్‌ని పిలుద్దామంటే వద్దన్నారు. భుజం నొప్పితో చెయ్యి పైకి లేచేది కాదు, అయినా నిచ్చెనెక్కారు. నేను కింద పట్టుకున్నాను. అప్పటిదాకా నన్ను ఒక్కమాట అనలేదు, నేనే ధైర్యం చేసి, "నేను చెప్పాను కదా నాన్నా" అన్నాను. ఆయన కుంచె ఆపలేదు. "నాతో చెప్పావు. ఆయన అడిగినప్పుడు ఆయనతో చెప్పావా?" అన్నారు. పరదా వెనక నుంచి ఆయన విన్నారని నాకు అప్పుడే తెలిసింది. "నేను తెలియక చెప్పాను, మీరా. నువ్వు తెలిసీ చెప్పలేదు. నా దానికి సున్నం వేస్తున్నాను. నీ దానికి ఏం వేస్తావో నువ్వే చూసుకో."

నిచ్చెన దిగి, చేతులు కడుక్కుని వచ్చి, జేబులోంచి పసుపు చాక్ తీసి నా ముందు పట్టుకున్నారు. "ఇవాళ్టి నుంచి గుర్తు నువ్వే పెట్టు" అన్నారు. వారం కిందట ఇచ్చుంటే ఇల్లంతా గెంతేదాన్ని. ఆ పొద్దున చెయ్యి చాచడానికి సిగ్గేసింది. ఆయన అలాగే పట్టుకుని నిలబడ్డారు, నేను తీసుకునేదాకా.